అత్త నంబరు, కోడలి నంబరు

యశోద బర్రె పొదుగు కడిగి, పాత తువ్వాలుతో తుడిచి, బకెట్‌ను మోకాళ్ళ మధ్య సర్దుకునే లోపే మామ మొగులయ్య వంగి ఆ బకెట్ తీసేసుకున్నాడు.

"లే బిడ్డా. ఇయ్యాల్టి సంది మీ అత్త పిండుతది."

మెల్లగానే అన్నాడు. యశోదకు భయం వేసింది అందుకే. మొగులయ్య అరిచాడంటే ఆ మాటను కొట్టం దాటకముందే ఆయనే మర్చిపోతాడు. గొంతు తగ్గించాడంటే లోపల ఎక్కడో తీర్మానం అయిపోయిందని అర్థం.

గుంజకు కట్టిన దుడ్డె పాల కోసం తాడు తెంపుకునేలా పెనుగులాడుతోంది. సుక్కల బర్రె మెడ తిప్పి, కడిగిన మనిషి కూర్చోకుండా ఎందుకు లేచిందా అన్నట్టు చూసింది. గౌలిపుర సందులో ఉన్న ఆ చిన్న కొట్టంలో అన్నిటికంటే పేచీకోరు అదే. యశోద చేయి తగిలితేనే చేపుతుంది. ఇంకెవరు కూర్చున్నా పాలను పొదుగులోనే బిగబట్టుకుని రాయిలా నిలబడుతుంది.

"నేనేం జేసిన మామా?"

"నువ్వేం జేయలే. నీ నంబర్ జేసింది."

నంబరు సంగతి ముందురోజు సాయంత్రం మొదలైంది. అంతకు కొన్నాళ్ళ ముందు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తీయించుకుందామని యశోద పెద్దాసుపత్రికి పోతే, ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షలో హెపటైటిస్ సి ఉందని తేలింది. ఇంట్లో అందరికీ చేయించమన్నారు. మొగులయ్యకు లేదు. యశోద భర్త నందుకు లేదు. వాళ్ళ ఆరేళ్ళ కూతురు రశ్మికీ లేదు. అత్త ఎల్లమ్మకు ఉంది. మంగళవారం లివర్ స్కాన్‌కు రమ్మని, ఈలోగా ఇద్దరూ మందూ కల్లూ ముట్టొద్దని డాక్టర్ మైథిలి చెప్పింది. రక్తంలో వైరస్ ఎంతుందో లెక్క కట్టడానికి ఇద్దరి రక్తం మళ్ళీ తీసి పంపింది. ఆ లెక్క నిన్న నందు ఫోన్‌కు వచ్చింది. యశోదకు యాభై ఎనిమిది లక్షలు. ఎల్లమ్మకు నలభై ఒక్క వేలు.

నందు ఆ రెండు అంకెలు అందరికీ చదివి వినిపించాడు. అర్థం ఏమిటో మంగళవారం డాక్టరమ్మను అడుగుదామన్నాడు నందు. మొగులయ్యకు ఎవరినీ అడగాల్సిన పని కనిపించలేదు. మీసం రాని వయసు నుంచి ఆయన పత్తర్‌గట్టిలోని హోటల్ ముందు క్యాన్లు దింపుతున్నాడు. అక్కడ హోటలాయన సత్తార్ భాయ్ రోజూ పొద్దున్నే గాజు మీటర్ పాలలో వదిలి, కళ్ళద్దాలు పైకెత్తి రీడింగ్ చూస్తాడు. నీళ్ళు కలపలేదని ఒట్టు వేసినా, బర్రె మీద చేయి వేసి చెప్పినా, ఆఖరి మాట మీటర్‌దే. రీడింగ్ ఎక్కువంటే సరుకు చిక్కన. తక్కువంటే పలచన. జీవితమంతా ఆ గాజు పుల్ల ముందు నిలబడ్డ మనిషికి యాభై ఎనిమిది లక్షలు విన్నాక ఇంకా ఏం వివరం కావాలి?

"నీది కుండనిండ ఉన్నది బిడ్డా," అన్నాడు ఇప్పుడు, బకెట్ చంకకు ఆనించుకుని. "పొంగి మీ అత్త మీద జెర చిలికింది. గందుకే ఆమెకు వేలల్ల ఉన్నది. సత్తార్ భాయ్ చెవుల వడ్డదంటే మన క్యాన్ కిందికి దిగనియ్యడు. నంబర్ దిగేదాంక నువ్వు కొట్టంలకు రాకు."

యశోద పక్కకు తప్పుకుంది. ఎల్లమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. కోడలి మొహం వైపు చూడకుండా చతికిలబడి, బర్రె రొమ్ములకు కాస్త నూనె రాసి, దుడ్డెను వదలమని సైగ చేసింది. దుడ్డె రెండు గుక్కలు తాగింది. సుక్కల బర్రె మాత్రం చేపలేదు. ఎల్లమ్మ దాని పొట్ట నిమిరింది, బతిమాలింది, తిట్టింది. చివరికి బకెట్ అడుగు మాత్రం తడిసింది.

గడప అవతల నిలబడి చూస్తున్న యశోదకు బర్రె కంటే ముందు అత్త చేతులు కనిపించాయి. నాలుగు ధారలు తీసేసరికే అవి వణుకుతున్నాయి.

*

సాయంత్రానికి ఇల్లు రెండు ముక్కలయింది. యశోద చాప వసారాలోకి వచ్చింది. ఆమె కంచం, గ్లాసు పంపు పక్కన గూటిలోకి వచ్చాయి. రశ్మి పక్క నానమ్మ దగ్గరికి మారింది. పిల్ల ఏడ్చింది. నానమ్మ కథ చెబుతానంది. పిల్లకు కథ వద్దు. తడిక సందులోంచి చేయి దూర్చి అమ్మ చీర అంచు పట్టుకుని నిద్రపోయింది. తెల్లారి ఎల్లమ్మ చూసి, పిల్ల మీద దుప్పటి సర్ది పోయింది.

ఎల్లమ్మ చెడ్డదైతే యశోదకు పని తేలికయ్యేది. తిట్టుకుని కడుపుమంట చల్లార్చుకునేది. కానీ కంచంలో పడే కూర ముక్కలు అంతకుముందు కంటే ఎక్కువయ్యాయి. రోజూ మధ్యాహ్నం కోడలిని ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసే మనిషి, ఇప్పుడు నూనె సీసాను వసారా గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, "వెట్టుకో. నెత్తి ఎండిపోయింది," అని లోపలికి పోతోంది. అదే మనిషి గోడ మీదుగా పక్కింటి కృష్ణమ్మతో అన్న మాట కూడా యశోద చెవిన పడింది. ఈ రోగం పుట్టింటి నుంచి, వాళ్ళ అవ్వగారింటి నుంచి తెచ్చుకున్నదట. నాకు గింత చిలికిందట. మా నందు అదృష్టవంతుడు, తప్పించుకున్నడట.

నిజంగానే తను తెచ్చిందేమో అన్న అనుమానం యశోదకూ ఉంది. తన ఒంట్లో యాభై ఎనిమిది లక్షలు ఏవో తిరుగుతున్నాయని తలుచుకుంటే, చేతులు ఎన్నిసార్లు కడిగినా తృప్తి కలగడం లేదు.

ఒక మధ్యాహ్నం ఎల్లమ్మ నడిమింట్లో నేల మీద పడుకుని నిద్రపోతోంది. అలా పగటిపూట ఒరిగే మనిషి కాదు. తలుపు ఓరగా ఉంది. యశోద కళ్ళు అత్త పాదాల మీద ఆగాయి. మెట్టెలు కండలోకి దిగిపోయాయి. మడమ ఎక్కడో, పిక్క ఎక్కడో తెలియనంత నున్నగా ఉబ్బి ఉన్నాయి కాళ్ళు. చుట్టూ చూసి, గడప దాటి, మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో ఎముక మీద మెల్లగా నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది, తడిపిన తౌడులో వేలు దిగినట్టు.

ఎల్లమ్మ ఉలిక్కిపడి కాళ్ళు ముడుచుకుంది.

"ముట్టకు."

"అత్తా, కాళ్ళల్ల నీరు దిగింది."

"ముసల్దాన్ని. పొద్దంత నిలవడుతున్న. దిగదా? నీ నంబర్ సంగతి సూస్కో నువ్వు."

ఆ సాయంత్రం నందు క్యాన్లు కడిగి బోర్లిస్తుంటే యశోద పంపు ఇవతలి నుంచి చెప్పింది. మీ అమ్మకు పాణం బాగలేదు, అన్నం సగం కూడా తినడం లేదు, రాత్రంతా ఒళ్ళు గోక్కుంటోంది, డాక్టరమ్మకు ఫోన్ చేయమంది. నందు ఆమె వైపు జాలిగా చూశాడు. లక్షలున్న మనిషి వేలున్న మనిషి గురించి దిగులు పడుతోంది, అదీ విచిత్రం. మంగళవారం ఎట్లాగూ పోతున్నాం కదా, ఫికర్ చేయకు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, బాపు ఒక మాట అనుకుంటున్నాడని చెప్పాడు. నంబరు దిగేవరకు యశోద వాళ్ళన్న దగ్గర ఇబ్రహీంపట్నంలో ఉంటే మంచిదని. రశ్మికి బడి ఉంది కాబట్టి రశ్మి ఇక్కడే ఉంటుందని.

"నువ్వేమన్నవ్?" అంది యశోద.

నందు క్యాన్ మూత కడుగుతూ ఉండిపోయాడు. కడిగిన మూతనే మళ్ళీ కడిగాడు. ఏమీ అనలేదని ఆమెకు అర్థమైంది.

ఆదివారం ఎల్లమ్మకు కల్లు వచ్చింది. పెళ్ళైన నాటి నుంచి ఆదివారం కల్లు ఆమె హక్కు. మొగులయ్య కల్లు కాంపౌండ్ నుంచి సీసాలు తెచ్చి ఇస్తాడు. ఆమె పెద్ద స్టీలు గిన్నెలోకి ఒంపుకుని, వేయించిన బొటీ పక్కన పెట్టుకుని, కొట్టం గడప మీద కూర్చుని తాగుతుంది. ఆ గంటసేపు ఆమె జోలికి ఎవరూ రారు. వైరస్ ఉందని తెలిసిన వారం కల్లు మానేసింది. నంబరు వచ్చాక, మానాల్సింది యశోదే అని తేల్చుకుంది.

ఆమె గిన్నె నింపుకోవడం యశోద వసారాలోంచి చూసింది. డాక్టరమ్మ వద్దన్నదని ఒకసారి చెప్పింది. ఎల్లమ్మ వినలేదు. కాళ్ళు చూసుకోమని ఇంకోసారి చెప్పింది.

"నీకు ఒద్దన్నది, నాకు గాదు. నలభై వేలకు ఏం గాదు. ఊకో."

గిన్నె పెదవుల దాకా లేచింది.

యశోద లేచింది. నాలుగు అంగల్లో కొట్టం గడప చేరింది. పోనీ గిన్నె లాక్కుందామా అంటే అంత బలం, అంత ధైర్యం రెండూ లేవు. ఆమె దగ్గర ఆ ఇంట్లో అందరూ భయపడేది ఒక్కటే ఉంది. కుడి చేయి మణికట్టు దాకా ఆ కల్లులో ముంచింది.

ఎల్లమ్మ గిన్నె వంక, కోడలి వంక చూసింది. యశోద చేయి తీయలేదు. వేళ్ళ చుట్టూ తెల్లటి నురుగు గిర్రున తిరిగి ఆగింది.

"ఇగ తాగు," అంది యశోద.

తర్వాత జరిగిన లొల్లి సందు మొత్తం విన్నది. ఎల్లమ్మ గిన్నె ఎత్తి వాకిట్లోకి విసిరింది. అత్త నోటికాడి కల్లులో రోగం కలిపిన కోడలు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అని గోడ అవతలి కృష్ణమ్మను పిలిచి అడిగింది. నందు భార్యను లోపలికి లాగబోయి, ముట్టుకోవాలో వద్దో తెలియక మధ్యలో చేయి ఆపేశాడు. అది మాత్రం యశోదకు గుచ్చుకుంది. మొగులయ్య ఏమీ అరవలేదు. ఫోన్ తీసి, గొంతు తగ్గించి, యశోద అన్న ఓదెలుతో మాట్లాడాడు. మంగళవారం ఆసుపత్రి పని కాగానే వచ్చి చెల్లెను తీసుకుపొమ్మన్నాడు.

*

లివర్ వార్డు ముందు బెంచీ మీద ఎల్లమ్మ ఒక చివర, యశోద ఇంకో చివర కూర్చున్నారు. మధ్యలో నందు. ఆదివారం నుంచి అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. యశోద బట్టలు అప్పటికే ఒక సంచిలో సర్ది ఉన్నాయి. రశ్మికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ముగ్గురినీ లోపలికి పిలిచారు, ముందు యశోద వంతు. కుడి చేయి తల కిందికి పెట్టి పడుకోమని, పక్కటెముకల మధ్య చల్లటి జిగురు రాశారు. పెన్నులా ఉన్న చిన్న మిషన్‌ను అక్కడ ఆనించి నొక్కితే లోపల ఎవరో వేలితో తట్టినట్టు అనిపించింది. తట్టిన ప్రతిసారీ తెర మీద ఒక అంకె. యశోద కళ్ళు మూసుకుంది. ఇంకో నంబరు వినే ఓపిక ఆమెకు లేదు.

"ఐదు. చక్కగా ఉందమ్మా, మెత్తగా ఉంది మీ లివర్," అంది డాక్టర్ మైథిలి.

యశోద కళ్ళు తెరిచింది. ఐదు వేలా, ఐదు లక్షలా అని అడిగింది. డాక్టరమ్మ నవ్వి, వట్టి ఐదేనని, ఈ లెక్క వేరని చెప్పి, ఎల్లమ్మను పడుకోమంది.

ఎల్లమ్మ మీద మిషన్ చాలాసేపు తట్టింది. డాక్టరమ్మ మొహంలో నవ్వు కాస్త కాస్తగా తగ్గిపోయింది. జిగురు మళ్ళీ రాసింది, మిషన్ కొంచెం జరిపింది, మళ్ళీ తట్టింది. మంచం కాళ్ళ వైపు నిలబడ్డ యశోదకు ఆగబుద్ధి కాలేదు.

"మేడం, మా అత్త కాళ్ళు జెర సూడుండ్రి."

డాక్టర్ ఎల్లమ్మ చీర అంచు పైకి జరిపి బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. ఆమె అరిచేతులు తిప్పి చూసింది. అవి ఎర్రగా ఉన్నాయి. కళ్ళ కింది రెప్పలు లాగి చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నందును కింద కౌంటర్‌లో ఇంకో రక్తపరీక్షకు చీటీ రాయించుకు రమ్మని పంపింది.

"ఎల్లమ్మగారూ, మీ లివర్ బాగా గట్టిపడింది. ఇరవై నాలుగు చూపిస్తోంది."

ఎల్లమ్మ పడుకున్న చోటే తల ఎత్తింది. "నాది చిన్న నంబర్ గద మేడం. నలభై వేలే గద."

"రక్తంలో వైరస్ ఎంతుందో ఆ నంబరు చెబుతుందమ్మా. లివర్ ఎంత దెబ్బతిందో చెప్పదు. లక్షలున్నవాళ్ళకి మెత్తగా ఉండొచ్చు, మీ కోడలికి ఉన్నట్టు. వేలున్నవాళ్ళకి రాయి అయిపోయి ఉండొచ్చు. ఆ లెక్క మాకు దేనికంటే, మందులు వాడాక వైరస్ పోయిందో లేదో చూసుకోడానికి. అంతే."

"మరి రీడింగ్ ఎక్కువుంటే రోగం ఎక్కువ గాదా?"

"కాదండి."

డాక్టరమ్మ ఒక్కొక్కటే చెప్పింది. ఇద్దరికీ వైరస్ పోవడానికి బిళ్ళలున్నాయి, ఇక్కడ ఉచితంగానే ఇస్తారు, చాలామందికి పూర్తిగా పోతుంది. యశోదకు రేపటి నుంచే మొదలు. ఎల్లమ్మకు ముందు కాళ్ళ నీరు తగ్గాలి, ఇంకొన్ని పరీక్షలు చూసి ఏ బిళ్ళలో, ఎంతకాలమో చెబుతుంది. గట్టిపడిన లివర్ మునుపటిలా అవుతుందని మాట ఇవ్వలేదు గానీ, ఇక్కడితో ఆపడానికి చూస్తుంది. కల్లు చుక్క కూడా కూడదు. తను వద్దన్నాక ఎప్పుడైనా తాగారా అని అడిగింది.

ఎల్లమ్మ యశోద వైపు చూసింది. ఆదివారం తర్వాత అదే మొదటి చూపు.

"తాగలే," అంది. "తాగనియ్యలే."

అసలు ప్రశ్న తనే అడిగింది.

"మేడం, ఎన్నొద్దుల సంది ఉన్నది గిది నాకు?"

"ఏ సంవత్సరం అని ఎవరూ చెప్పలేరు. కానీ లివర్ ఇంత గట్టిపడాలంటే సాధారణంగా ఇరవై ఏళ్ళు, ఆ పైన పడుతుంది. ఇది రక్తం నుంచి రక్తానికే పోతుందమ్మా. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, పాలల్లో పోదు. పాతకాలం ఇంజెక్షన్లు, ఒకే బ్లేడు, ఒకే సూది... పచ్చబొట్లేమైనా పొడిపించుకున్నారా?"

ఎల్లమ్మ ఎడమ చేయి నెమ్మదిగా తిప్పింది. ముంజేతి లోపల మూడు ఆకుపచ్చ చుక్కలు, కింద ఒక తేలు. యశోద చేయి అడగకుండానే వెనక్కి పోయింది. ఆ చేతి మీదా అవే మూడు చుక్కలు.

యశోద పెళ్ళైన ఏడాది జాతరలో పొడిపించారు. ఎల్లమ్మకు తేలు పాతది, చుక్కలు ఆ రోజువి. అత్తాకోడళ్ళు ఒకే సూదితో పొడిపించుకుంటే ఇద్దరికీ పడుతుందని ఆ ఇంట్లో ఆనవాయితీ. సూది ముందు అత్త చేతి మీద ఆడింది. తుడవలేదు కూడా. తర్వాత కోడలి చేతి మీద ఆడింది.

డాక్టరమ్మ రెండు చేతులూ చూసింది. "కావచ్చు. కాకపోనూవచ్చు. తేల్చలేం. ఇప్పుడు ఎవరి నుంచి ఎవరికని వెతికి లాభం లేదు," అంది.

నందు చీటీతో తిరిగొచ్చాడు. లివర్ సంగతి, ముట్టుకుంటే రాదన్న సంగతి డాక్టరమ్మ మళ్ళీ అతనికి చెప్పింది. కంచాలు వేరు పెట్టారా అని అడిగితే నందు తల దించుకున్నాడు. ఇరవై ఏళ్ళ మాట మాత్రం ఆమె రెండోసారి చెప్పలేదు.

*

ఆటోలో అత్తాకోడళ్ళు వెనక సీట్లో పక్కపక్కన కూర్చున్నారు. నందు ముందు డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు. మలక్‌పేట బ్రిడ్జి కింద ట్రాఫిక్ ఆగిపోయింది. యశోద నాలుక మీద ఒక వాక్యం సిద్ధంగా ఉంది. నాకంటే ముందుగాల నీకే ఉన్నదత్తా. అంతే. నందు వెనక్కి తిరిగితే చాలు, అనేయొచ్చు. సాయంత్రానికల్లా సందు సందంతా తెలుస్తుంది. సంచి విప్పి బట్టలు మళ్ళీ దండెం మీద వేసుకోవచ్చు.

నందు వెనక్కి తిరిగాడు. "అమ్మా, నీళ్ళు తాగుతవా?" అన్నాడు.

ఎల్లమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ఆమె చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, దారి తప్పిన పిల్లల్లా. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి. యశోద ఆ చేతులు చూసింది. వాక్యం మింగేసింది. ఆటో ముందుకు కదిలినప్పుడు ఎల్లమ్మ కుదుపుకు కోడలి మీదికి ఒరిగింది. ఒరిగి, అలాగే ఉంది.

ఇంటికి చేరేసరికి ఓదెలు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఇబ్బందిగా కూర్చుని ఉన్నాడు. పక్కన యశోద సంచి. కృష్ణమ్మ గోడ అవతల బట్టలు ఆరేస్తోంది. ఆరిన బట్టల్నే మళ్ళీ దులుపుతోంది. మొగులయ్య కొట్టంలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కొడుకును ఒకటే అడిగాడు.

"రీడింగ్ ఎంతొచ్చింది?"

నందు చెప్పాడు. యశోదకు ఐదు. అమ్మకు ఇరవై నాలుగు. అమ్మ లివర్ గట్టిపడ్డదట. యశోదది మంచిగున్నదట.

మొగులయ్య ఆ రెండు అంకెలనూ మనసులో తూచుకున్నాడు. భార్య మొహం చూశాడు. ఆయన కళ్ళల్లో భయం కనిపించింది. ఆ భయానికి ఏం చేయాలో తెలియక, ఆయనకు తెలిసిన పనే చేశాడు.

"అయితే ఎల్లమ్మ గూడ కొట్టంలకు రావొద్దు," అన్నాడు మెల్లగా. "వసారల ఇంకో చాప వేయి నందూ. యశోద లక్షలు యాడికి వోలే గద, ఆమెను ఎట్లనుకున్నమో గట్లనే వోనియ్యి. పాలు మనమిద్దరం పిండుకుందాం."

ముట్టుకుంటే రాదని, పాలల్లో పోదని డాక్టరమ్మ చెప్పిందని నందు గొణిగాడు. డాక్టర్లు గట్లనే అంటరు, సత్తార్ భాయ్‌కి ఎవరు చెప్తరని మొగులయ్య అన్నాడు. ఓదెలు లేచి సంచి చేతిలోకి తీసుకున్నాడు. యశోద కళ్ళు వీధి చివర బడి ఆటో కోసం వెతుకుతున్నాయి. రశ్మి వచ్చే వేళ అవుతోంది. పిల్ల వచ్చేలోపు పోవడం మంచిదా, వచ్చాక చెప్పి పోవడం మంచిదా, తేల్చుకోలేకపోతోంది.

"సంచి కింద వెట్టు ఓదెలూ," అంది ఎల్లమ్మ.

ఆమె గుంజ పట్టుకుని నిలబడి ఉంది. ఊపిరి బరువుగా ఉన్నా గొంతు మాత్రం గోడ అవతలికి వినపడేంత ఉంది.

"నందు లేనప్పుడు డాక్టరమ్మ ఇంకో మాట గూడ చెప్పింది. నా కార్జం గిట్ల గట్టివడనీకి ఇర్వై ఏండ్లు వడ్తదట." మొగుడి వైపు తిరిగింది. "గీ పిల్ల మనింట్ల అడుగు వెట్టి పదేండ్లు. మరి ఎవల కుండ పొంగి ఎవల మీద చిలికింది? నువ్వే చెప్పు."

మొగులయ్య చూపు నేలకు దిగింది.

"పచ్చబొట్టు సూది ముందుగాల నాకు పొడిచిండ్రు. గదే సూది దీనికి. ఒద్దన్నది. ఏడ్చింది. చెయ్యి గట్టిగ వట్టుకున్నది నేనే."

"అదే అని డాక్టరమ్మ అనలేదత్తా," అంది యశోద. "కావొచ్చు, కాకపోవచ్చు అన్నది."

"నువ్వూకో. ఆటోల నోరు మూస్కున్నవ్ గద, ఇప్పుడు గూడ మూస్కో." ఎల్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "కృష్ణమ్మా, ఇన్నవా? మొన్న నీకు చెప్పింది తప్పు. అవ్వగారింటి నుంచి తెచ్చుకున్నది గాదు. గిది గూడ అందరికి చెప్పు, గది చెప్పినట్టే."

గోడ అవతల బట్టల దులుపుడు ఆగిపోయింది.

ఎల్లమ్మ ఓదెలు దగ్గరికి నడిచి, అతని చేతిలోంచి సంచి తీసుకుని, నడిమింట్లోకి విసిరినట్టే పెట్టింది.

"చాయ్ తాగి పో బిడ్డా. మీ చెల్లె పని మీదున్నది."

కొట్టంలో సుక్కల బర్రె అరిచింది. పొద్దు వాలుతోంది. యశోద కదల్లేదు. ఆమె చూపు మామ మీద ఉంది. మొగులయ్య వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడు. భార్య కాళ్ళను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పకుండా కొట్టంలోకి పోయి, వంగి, గుంజ దగ్గర దుడ్డె తాడు విప్పి పట్టుకుని నిలబడ్డాడు, పిండే మనిషి కోసం.

యశోద పంపు దగ్గర చేతులు కడుక్కుంది. ఈసారి ఒక్కసారే కడుక్కుంది. కొట్టంలోకి పోతూ గడప దగ్గర ఆగి, తౌడు బస్తాను కాలితో గోడ పక్కకు జరిపింది.

"రా అత్తా. గీడ కూసో."

ఎల్లమ్మ వచ్చి కూర్చుంది.